హైస్కూలు నుంచి సైన్సు కాలేజీకి: పల్నాడులో పేద పిల్లల సన్నాహం

పేద ఇళ్ల పిల్లలను, అందులోనూ ఇంటిల్లిపాదిలో తొలిసారి పదో తరగతి దాటుతున్నవాళ్లను, కాలేజీ స్థాయి లెక్కలకూ సైన్సుకూ సిద్ధం చేసే పని పల్నాడులో దశాబ్దాలుగా సాగుతోంది. నాగార్జునసాగర్ గురుకుల జూనియర్ కళాశాల, మద్దిరాల నవోదయ, సాంఘిక సంక్షేమ గురుకులాలు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, నూజివీడు ట్రిపుల్ ఐటీ, ఇవన్నీ ఆ పనికి వేర్వేరు కాలాల్లో పుట్టిన రూపాలు. సీటు దొరికిన పిల్లలు ఎంత దూరం పోగలరో ఈ సంస్థలు తేల్చి చూపించాయి. కానీ సీటు దొరకక, ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వెళ్లే పిల్లలే ఎక్కువ. వాళ్లకు ఆ సన్నాహం ఇంకా అరకొరగానే అందుతోంది.

నేల, పనులు, బడి

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడివడి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల దీని రెవెన్యూ డివిజన్లు. సాగర్ కుడి కాలువ నీళ్లు పారే చోట వరి పండుతుంది, మిగతా నల్లరేగడి అంతా పత్తి, మిరప. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల్లో సుగాలీ తండాలు, నల్లమల అంచున చెంచు గూడేలు ఉన్నాయి.

ఈ పంటల క్యాలెండరూ బడి క్యాలెండరూ ఒకదానికొకటి అడ్డం. పత్తి తీతలు దసరా తర్వాత మొదలై సంక్రాంతి దాటుతాయి. మిరప కోతలు జనవరి నుంచి వేసవి దాకా నడుస్తాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో. సైన్సులో బరువైన పాఠాలు, లెక్కల్లో త్రికోణమితి నడిచే రోజుల్లోనే పొలంలో మనిషి కూలి పెరుగుతుంది. తల్లి ఒక్కతే కోతకు పోతే వచ్చేదానికీ కూతుర్ని వెంట తీసుకుపోతే వచ్చేదానికీ తేడా ఆ ఇంటికి చిన్నది కాదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కుటుంబాలతో సహా కోతలకు వలస వచ్చే కూలీల పిల్లల పరిస్థితి మరీ కష్టం. సొంత ఊరి బడిలో పేరుంటుంది, మనిషి ఇక్కడి మిరప చేలో ఉంటాడు.

తొమ్మిదో తరగతిలో నెల రోజులు బడి మానితే ఆ నెల చరిత్ర పాఠాలు తర్వాత చదువుకోవచ్చు. లెక్కల్లో ఆ వీలు లేదు. ఒక మెట్టు జారితే దాని మీది మెట్లన్నీ కదులుతాయి. దేశవ్యాప్తంగా గ్రామీణ పిల్లల మీద జరిగిన 2018 అసర్ సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు ఎనిమిదో తరగతిలో నూటికి 44 మందే. ఆ మిగతావాళ్లలో చాలామంది పది పాసవుతారు. పాసై, ఇంటర్ ఫారంలో గ్రూపు రాయాల్సిన చోట ఆగిపోతారు.

పదికీ ఇంటర్‌కీ నడుమ

తేడా ఎక్కడ మొదలవుతుందో ఒక చిన్న లెక్కలో కనిపిస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తున్న ఆర్టీసీ బస్సు, బ్రేకు వేశాక 50 మీటర్లలో ఆగింది, త్వరణం ఎంత? సూత్రం తొమ్మిదో తరగతిలోనే వచ్చింది: v² = u² + 2as. ఇంటర్ ఫస్టియర్ విద్యార్థికి సూత్రం నోటికి వస్తుంది. తప్పు అక్కడ జరగదు. ముందుగా 72ను సెకనుకు మీటర్లలోకి మార్చాలి, అంటే 5/18తో గుణించాలి. భిన్నాల దగ్గర తడబడే పిల్ల ఇక్కడే ఆగుతుంది. 20 వచ్చిందనుకుందాం. ఇప్పుడు 0 = 400 + 100a. నాలుగు వందలు అవతలికి పోతే గుర్తు మారుతుంది, a విలువ −4. ఈ గుర్తు మారడం ఏడో తరగతి సామాన్య సమీకరణాల పాఠం. జవాబులో మైనస్ ఎందుకు వచ్చిందో తెలియని, అది బస్సు నెమ్మదించడాన్ని చెబుతోందని గుర్తించని విద్యార్థి దాన్ని కొట్టేసి 4 అని రాస్తాడు. ఫిజిక్సులో తప్పాడని లెక్చరర్ అనుకుంటాడు. నిజానికి తప్పింది ఆరు, ఏడు తరగతుల లెక్కలు.

పాఠ్యపుస్తకాల వరుస కూడా ఈ పిల్లలకు అనుకూలంగా లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్సు పుస్తకం రెండో అధ్యాయంలోనే అవకలనాన్ని వాడుతుంది. అదే తరగతి గణితంలో అవధులు, అవకలనాలు పన్నెండో అధ్యాయం. అంటే లెక్కల సార్ ఇంకా సమితులు చెబుతుండగా ఫిజిక్సు సార్ dx/dt రాసేస్తాడు. ఖర్చు పెట్టి చదివే పిల్లలు వేసవిలోనే ఆ అధ్యాయం ముగించుకుని వస్తారు. ఊరి బడి నుంచి వచ్చిన విద్యార్థికి అది మొదటి వారంలోనే పడే దెబ్బ. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ బాట పట్టింది కాబట్టి ఈ సంగతి ఇప్పుడు మన జూనియర్ కాలేజీలకు నేరుగా వర్తిస్తుంది. కెమిస్ట్రీలోనూ అంతే. పదో తరగతిలో పీహెచ్ అంటే కాగితం రంగు చూసి స్కేలు మీద అంకె చెప్పడం. ఇంటర్‌లో పీహెచ్ అంటే సంవర్గమానం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి గణితంలో సంవర్గమానాలు లేవు. పీహెచ్ 5 నుంచి 3కు దిగితే ఆమ్ల గాఢత రెట్టింపు కాదు, వంద రెట్లు అవుతుందని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

భాష మార్పు దీనికి తోడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ సైన్సు పుస్తకాలను తెలుగులో తెచ్చింది. దశాబ్దాల పాటు పల్నాడు పిల్లలు వాటితోనే చదువుకున్నారు. 2020-21 నుంచి పాఠశాలల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఇది మంచి ఏర్పాటు, ఇంటర్ పుస్తకాలకూ ఇలాగే ఉంటే మేలు. ప్రవేశ పరీక్షల్లో రాష్ట్ర ఈఏపీసెట్, నీట్ తెలుగులోనూ రాయవచ్చు, 2021 నుంచి జేఈఈ మెయిన్ కూడా. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది.

అయితే ఈ పిల్లల చేతిలో ఏమీ లేదనుకోవడం పొరపాటు. పిడుగురాళ్ల బట్టీ కూలి కూతురు రోజూ చూసే పనిలోనే ఇంటర్ కెమిస్ట్రీ మొదటి పాఠం ఉంది. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. దాన్ని తొమ్మిది వందల డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు వేస్తే 56 కిలోల సున్నమే చేతికొస్తుంది, 44 కిలోలు గాలిలో కలుస్తాయి. ఆ 56 కిలోలకు 18 కిలోల నీళ్లు చేరితే బుసబుసా పొంగి, వేడెక్కి, 74 కిలోల తడిసున్నం అవుతుంది. రాయి బరువుకూ సున్నం బరువుకూ తేడా ఎందుకన్న ప్రశ్న బట్టీ దగ్గర ఎవరికైనా వస్తుంది. మోల్ భావనకు అంతకంటే మంచి ప్రవేశం లేదు. అలాగే సాగర్ డ్యాం. నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుందని తెలిస్తే, గోడ అడుగున ఎందుకంత మందమో మాచర్ల విద్యార్థి తనంతట తానే చెబుతాడు. మంచి టీచర్లు ఇలా చెబుతూనే ఉన్నారు. కానీ పరీక్ష బిట్ల చుట్టూ తిరిగే బోధనలో దీనికి చోటు చిక్కడం కష్టం.

నాగార్జునసాగర్ నమూనా

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో పి.వి. నరసింహారావు చొరవతో మొదలైన గురుకుల పాఠశాల, మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి పాఠశాలలు తెలుగు నేల మీద ఈ ఆలోచనకు ఆది. ఊరి బడుల్లోని చురుకైన పేద పిల్లలను పరీక్ష పెట్టి ఎంచి, తిండి, వసతి, పుస్తకాలు ఉచితంగా ఇచ్చి, టీచర్లను వాళ్లతోపాటే ఆవరణలో ఉంచితే ఏమవుతుందో చూద్దామన్నది ఆ ప్రయత్నం. దాని కొనసాగింపుగా పల్నాడుకు దక్కింది విజయపురి సౌత్‌లోని ఆంధ్రప్రదేశ్ గురుకుల జూనియర్ కళాశాల. అక్కడే గురుకుల డిగ్రీ కళాశాల కూడా వెలిసింది.

జూనియర్ కళాశాల ప్రవేశానికి ఏపీఆర్‌జేసీ సెట్ రాయాలి. మొత్తం 150 మార్కులు, ప్రశ్నలన్నీ పదో తరగతి పాఠాల నుంచే. పల్నాడు పల్లెల్లో లెక్కలు బాగా చేసే అబ్బాయిని చూసి 'సాగర్‌కు రాయించండి' అని ఊరి టీచర్లు తల్లిదండ్రులకు చెప్పడం తరాలుగా వస్తున్న మాట. అక్కడ పిల్లవాడికి దొరికేవి ఏమంత గొప్ప విషయాలు కావు: వేళకు అన్నం, రాత్రి స్టడీ అవర్, సందేహం వస్తే నాలుగు అడుగుల దూరంలో సార్, తాళం వేయని ప్రయోగశాల, తనలాగే లెక్కలంటే ఇష్టపడే పక్క మంచం స్నేహితుడు. పేదరికం తీసేసేది సరిగ్గా వీటినే. అందుకే ఇవి తిరిగి ఇస్తే అంత ఫలితం వచ్చింది.

ఈ కళాశాల బాలురది. పల్నాడు అమ్మాయి ఇదే పరీక్ష రాసి గెలిస్తే విజయనగరం జిల్లా తాటిపూడికో, కర్నూలు జిల్లా బనవాసికో, కృష్ణా జిల్లా నిమ్మకూరుకో పోవాలి. పదిహేనేళ్ల ఆడపిల్లను అంత దూరం పంపడానికి ఒప్పుకునే ఇల్లు తండాల్లో ఎన్ని ఉంటాయి? సొంత జిల్లాలోని పేరున్న సంస్థలో చోటు లేకపోవడం ఆ పిల్లలకు జరిగిన అన్యాయమే.

1986 జాతీయ విద్యా విధానం నుంచి పుట్టిన నవోదయ విద్యాలయాల్లో గుంటూరు జిల్లాకు వచ్చినది చిలకలూరిపేట దగ్గరి మద్దిరాలలో ఉంది. కొత్త జిల్లాలు వచ్చాక అది పల్నాడులోకి చేరింది. ఆరో తరగతిలోనే పరీక్షతో చేర్చుకుంటారు, సీట్లలో కనీసం నాలుగింట మూడు వంతులు గ్రామీణ పిల్లలవి. ఇంటర్‌కు వచ్చేసరికి ఆ పిల్లలకు అయిదేళ్ల పునాది ఉంటుంది. సన్నాహం ఎంత ముందు మొదలైతే అంత మంచిదన్న మాటకు నవోదయలే సాక్ష్యం.

1980ల నుంచి విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు, నేటి అంబేడ్కర్ గురుకులాలు, దళిత పిల్లలకు ఇలాంటి చదువు తలుపును మరింత తెరిచాయి. వాటిలోంచి ఎంపికైనవారికి గుంటూరు శివారు అడవితక్కెళ్లపాడు, కృష్ణా జిల్లా ఈడుపుగల్లు, కర్నూలు జిల్లా చిన్నటేకూరుల్లో ఐఐటీ, నీట్ అకాడమీలు నడిచాయి.

ట్రిపుల్ ఐటీ

2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలై, ట్రిపుల్ ఐటీగా పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ మొత్తం చరిత్రలో అతి పెద్ద ప్రయోగం. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి దీనికి తొలి ఛాన్సలర్. పదో తరగతి తర్వాత నేరుగా చేర్చుకుని రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు ఒకే చోట చదివిస్తారు. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. కోవిడ్ వల్ల 2020, 2021లలో పది పరీక్షలు రద్దయినప్పుడు మాత్రం ప్రత్యేక పరీక్ష పెట్టారు. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల పిల్లల మార్కులకు వెనుకబాటు పాయింట్లు కలుపుతారు. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు తోడయ్యాయి.

దీని డిజైనులో తెలివి ఏమిటంటే, పిల్లవాడిని పదహారో ఏటనే పోటీ పరీక్షల పరుగు నుంచి తప్పించడం. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు మూడు గంటలు, ప్రశ్నకు ఒక నిమిషం ఏడు సెకన్లు. ఆ వేగం కోసం రెండేళ్లు సాధన చేసే బదులు ఆ రెండేళ్లను పునాదికి, ఇంగ్లిషుకు వాడుకోవచ్చు. కారంపూడిలోనో దుర్గిలోనో కూలి పనికి పోయే ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి కోచింగ్ మొహం చూడకుండా ఇంజనీరు కావడానికి నూజివీడు ఒక దారి వేసింది. అయితే ఈ దారి కూడా పదిలో దాదాపు పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్లకే.

బయటి అనుభవం

అమెరికాలో పేద, తొలితరం విద్యార్థుల కోసం 1965లో అప్‌వర్డ్ బౌండ్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం మొదలైంది. 1990లో దానికి లెక్కలు, సైన్సు శాఖ చేరింది. వేసవిలో ఆరు వారాలు హైస్కూలు పిల్లలను కాలేజీ ఆవరణలోనే ఉంచి చదివిస్తారు. పేద పిల్లలను ఐఐటీ ప్రవేశ పరీక్షకు సిద్ధం చేసేందుకు పట్నాలో 2002లో మొదలైన సూపర్ 30 అందరికీ తెలిసిందే. మన ఐఐటీలలోనూ ఒక ఏర్పాటు ఉంది: సడలించిన కటాఫ్‌కూ కొద్దిలో తప్పిన ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు ఏడాది ప్రిపరేటరీ కోర్సు చెప్పి, అందులో పాసైతే మళ్లీ జేఈఈ రాయనక్కర్లేకుండా సీటు ఇస్తారు.

పల్నాడు జూనియర్ కాలేజీలకు వీటన్నిటికంటే పనికొచ్చేది అమెరికా గణితవేత్త యూరీ ట్రైస్‌మన్ పని. 1970ల చివర్లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో, నల్లజాతి విద్యార్థులు కలనగణితంలో ఎందుకు వెనకబడుతున్నారో ఆయన దగ్గరుండి గమనించాడు. వాళ్లు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. అదే క్లాసులోని చైనా సంతతి పిల్లలు విడివిడిగా చదివి, తర్వాత కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకుంటున్నారు. వెనకబడినవాళ్లకు తేలిక పాఠాలు చెప్పే పద్ధతిని ఆయన పక్కన పెట్టాడు. అందరినీ గుంపుగా కూర్చోబెట్టి మామూలు కంటే కష్టమైన లెక్కలు ఇచ్చాడు. ఫలితాలు మారిపోయాయి. నాగార్జునసాగర్ హాస్టల్ గదుల్లో ఎవరూ సిద్ధాంతం చెప్పకుండానే జరిగింది ఇదే.

మిగిలిన పిల్లలు

ఎంపికలన్నీ అయ్యాక మిగిలిన పిల్లలు వినుకొండ, గురజాల, మాచర్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, ఇంటర్ కూడా చెప్పే హైస్కూల్ ప్లస్‌లలో, ఊరి దగ్గరి చిన్న ప్రైవేటు కాలేజీల్లో చేరతారు. లెక్కల భయంతో ఎంపీసీ వదిలి సీఈసీ తీసుకునేవాళ్లు వీళ్లలోనే ఎక్కువ. పాలిటెక్నిక్ వైపు పోయినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినప్పుడు లెక్కల్లో ఇదే లోటు మళ్లీ ఎదురవుతుంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. తండా నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లకు అది సన్నాహంలో భాగమే, ఆకలితో మధ్యాహ్నం ల్యాబ్ క్లాసు నడవదు.

అమ్మాయిల విషయంలో గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పది అయిపోయి ఇంటర్ క్లాసులు కుదురుకునేలోపు ఉన్న వేసవే ప్రమాదకాలం. 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు మొదట ఎనిమిదితో ఆగేవి. 2018 తర్వాత వాటిని పన్నెండు దాకా పెంచే వీలు కల్పించడం ఈ పిల్లల చదువుకు జరిగిన పెద్ద మేలు. అయితే ఆ విద్యాలయంలో ఇంటర్ ఏ గ్రూపు పెడతారన్నది అసలు ప్రశ్న. అక్కడ ఎంపీసీ, బైపీసీ లేకపోతే, ల్యాబ్ లేకపోతే, ఆ అమ్మాయికి సైన్సు దారి పదితోనే ముగుస్తుంది.

కావలసినదాంట్లో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. జూన్‌లో క్లాసులు మొదలైన తొలి ఆరు వారాలు సిలబస్ పరుగు ఆపి భిన్నాలు, రుణసంఖ్యలు, సమీకరణాలు, గ్రాఫులు, త్రికోణమితి, సంవర్గమానాలు, వాలు అంటే ఏమిటన్నదీ చెప్పాలి, అదీ ఫిజిక్సు, కెమిస్ట్రీ లెక్కలతో కలిపి. వేసవి శిబిరం పెడితే రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లెవరైనా ఉదయం పదిన్నరకే ముగిస్తారు. హైస్కూలు స్థాయిలో దన్నుగా నిలిచేవి కొన్ని ఉన్నాయి. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక నడిపే చెకుముకి సైన్సు సంబరాలు ప్రభుత్వ బడుల పిల్లలను కంఠస్థం నుంచి ప్రయోగం వైపు లాగాయి. కుప్పం కేంద్రంగా 1999 నుంచి పనిచేస్తున్న అగస్త్య ఫౌండేషన్ వ్యాన్‌లో ల్యాబ్‌ను ఊరికే తీసుకెళ్లవచ్చని చూపింది. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష నెగ్గితే ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇంటర్ దాకా వస్తాయి. మిరప కోతల రోజుల్లో ఒక పిల్లను బడిలో నిలపడానికి ఆ డబ్బు కొంత ఆసరా అవుతుంది.

కాలేజీ చదువుకు జిల్లాలోనే చోట్లున్నాయి. నరసరావుపేట ఎస్‌ఎస్‌ఎన్ కళాశాల 1950 నుంచి ఉంది, 2016లో అక్కడే జేఎన్‌టీయూ కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక తెలివైన పిల్లలు ఇంజనీరింగ్ వైపు మళ్లారు, లెక్కలు, భౌతికశాస్త్రం బీఎస్సీ వెనకబడింది. దీని ఫలితం తిరిగి ఊరి బడికే వస్తుంది. హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్ కావాలంటే ఆ సబ్జెక్టుతో డిగ్రీ, తర్వాత బీఈడీ, టెట్, డీఎస్సీ. 2025 డీఎస్సీలో 16,347 పోస్టులు భర్తీకి వచ్చాయి. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాలకు బదిలీ అడగకుండా నిలబడే లెక్కల టీచరు కావాలంటే, ఆ మండలాల నుంచే బీఎస్సీ చదివినవాళ్లు రావాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే తండా పిల్లల సంఖ్య మీదే అది ఆధారపడి ఉంది.